తీసేటప్పుడు తెలిసేవి

2000 సంవత్సరంలో మా ఆఫీసు పంజాగుట్టలో ఒక మేడ మీద ఉండేది. అమెరికాలో డాక్టర్లు తమ రోగుల గురించి చెప్పి రికార్డు చేసిన మాటలు రాత్రికి మాకు ఫైళ్లుగా వచ్చేవి. తెల్లారేలోగా వాటిని టైపు చేసి వెనక్కి పంపాలి. మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ అనేవాళ్లు. ఆ రోజుల్లో హైదరాబాదులో ఏ సందు తిరిగినా ఆ బోర్డు కనబడేది. హాలు నిండా హెడ్‌ఫోన్లు పెట్టుకున్న కుర్రకారు, ప్రతి ఒక్కరి కాలి కింద ఒక పెడల్. నొక్కితే డాక్టరు మాట్లాడతాడు, వదిలితే ఆగిపోతాడు. ఆ పెడళ్ల టకటకలు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి గానీ ఆ ముఖాల్లో చాలావరకు చెరిగిపోయాయి. ఒకావిడ మాత్రం గుర్తుంది. కొత్త ఫైలు తెరిచినప్పుడల్లా అవతలి డాక్టరుకి వినబడుతుందన్నట్టు "ఊఁ, చెప్పు నాయనా" అనేది.

నా పని సర్వర్ గదిలో. లోపలికి చెప్పులు విడిచి వెళ్లాలి. తలుపు తీయగానే యూపీఎస్ బ్యాటరీల ఆసిడ్ ఘాటు, ఏసీ నీళ్లు కారి ముక్కిపోయిన కార్పెట్ వాసన కలిసి ముఖాన కొట్టేవి. అక్కడ ఒక పాత మిషన్ మీద రెడ్ హ్యాట్ లైనక్స్ నడిచేది. దాన్ని పీసీక్వెస్ట్ పత్రికతో వచ్చిన సీడీ నుంచి ఎక్కించారని విన్నాను. నేను చేరేటప్పటికే ఉంది. బయటి ప్రపంచానికి దారి 64 కెబిపిఎస్ లీజు లైను. అది కూడా వాన పడితే నమ్మకం లేదు. ఆ లైను మీద పంపే ప్రతి కిలోబైటుకీ విలువ ఉండేది కాబట్టి, పంపేది ఏదైనా ముందు కుదించి పంపడం మా రివాజు. కుదించడం అంటే మాకు తెలిసింది జీజిప్ ఒక్కటే.

ఆ ఆగస్టులో హైదరాబాదు మునిగింది. చాలామంది షిఫ్టుకి రాలేకపోయారు. ఖైరతాబాద్ దాటలేక ఒకమ్మాయి అక్కడే ఎవరింట్లోనో రాత్రంతా ఉండిపోయిందని మర్నాడు చెప్పుకున్నారు. అవతలి వాళ్లు పాత రిపోర్టుల కట్ట ఒకటి నమూనా కోసం మాకు పంపింది ఆ వారంలోనే అనుకుంటా, ఖచ్చితంగా చెప్పలేను. ఫైలు దిగింది. జీజిప్‌కి ఇస్తే ఇది నా పద్ధతిలో కుదించింది కాదు పొమ్మంది. చివర బీజెడ్2 అని ఉంది. అలాంటి తోక నేను చూడటం అదే మొదలు.

మా సీనియర్‌ని అందరం మాస్టారు అనేవాళ్లం. ఈసీఐఎల్‌లో టీడీసీ యంత్రాల మీద ఏళ్ల తరబడి పనిచేసి, రిటైరయ్యాక ఇక్కడ చేరారు. తెల్ల చొక్కా, జేబులో రెండు రంగుల పెన్నులు. తెరుచుకోని ఫైలు ఎదురైతే ఆయన పేరు చూసేవారు కాదు, మొదటి అక్షరాలు చూసేవారు.

"ముందు దాని మొహం చూడు అమ్మాయ్. తోక ఎవడైనా తగిలిస్తాడు."

చూశాం. బీ, జెడ్, చిన్న హెచ్, 9. ఆ తరవాత 1ఏవై, ఒక ఆంపర్‌సాండ్, ఎస్‌వై. నాకు అది చెత్తలా కనబడింది. మాస్టారు అవే బైట్లని అంకెల రూపంలో తెరమీదికి తెప్పించారు. 31 41 59 26 53 59. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని కాసేపు చూసి, స్కూలు పిల్లాడిలా నవ్వారు. "పై విలువ! మూడు పాయింటు ఒకటి నాలుగు ఒకటి అయిదు తొమ్మిది. ఇతనెవరో గాని సరదా మనిషి."

ఆ సరదా మనిషి జూలియన్ సీవార్డ్. బీజిప్2 ని 1996లో మొదట బయటికి తెచ్చాడు, 1.0 వెర్షన్ వచ్చింది ఆ 2000లోనే. ఫైలుని తొమ్మిది లక్షల బైట్ల దాకా ఉండే దిమ్మలుగా కోసి, ప్రతి దిమ్మలోనూ అక్షరాలని బరోస్, వీలర్ అనే ఇద్దరు కనిపెట్టిన పద్ధతిలో తిరగవేసి, ఒకే రకం అక్షరాలు పక్కపక్కకి చేరేలా చేసి, అప్పుడు పిండుతుంది. ఆ 9 దిమ్మ సైజు. ప్రతి దిమ్మ ముందూ పై విలువ గుర్తుగా ఉంటుంది. ఫైలు మధ్యలో పాడైపోతే ఆ గుర్తు పట్టుకుని మిగిలిన దిమ్మల్ని వెలికి తీయడానికి బీజిప్2 రికవర్ అని వేరే పనిముట్టు కూడా ఇచ్చాడు. లైను రోజుకి నాలుగుసార్లు తెగే ఊళ్లో ఉన్నవాళ్లకి ఆ జాగ్రత్త విలువ తెలుస్తుంది. ఎక్కడో కూర్చుని రాసిన మనిషి, తెగిపోయే మా లైను గురించి కూడా ఆలోచించాడనిపించింది.

మాస్టారికి ఫైళ్ల మొహాలు చూసే అలవాటు ఉందన్నాను కదా. అంతకు కొన్ని నెలల ముందు, ఏప్రిల్‌లో, ఒక రోజు ఆయన జిప్ ఫైలు ఒకటి తెరిచి మొదటి రెండక్షరాలు చూపించారు. పీ, కే. "ఈయన పోయాడట" అన్నారు. ఫిల్ కాట్జ్. పీకేజిప్ రాసిన మనిషి. 37 ఏళ్లకే, మిల్‌వాకీలో ఒక హోటల్ గదిలో. నాకు అప్పుడు 24. ఒక మనిషి పొడి అక్షరాలు లోకంలోని ప్రతి జిప్ ఫైలు మొదట్లో కూర్చుని ఉన్నాయని, ఆ మనిషి ఒంటరిగా పోయాడని విని కూడా నేను పెద్దగా కదలలేదు. ఆ వయసులో సాఫ్ట్‌వేర్ అంటే సీడీల్లో దొరికే వస్తువు. దాని వెనక ప్రాణం ఉంటుందని మనసుకి పట్టేది కాదు. ఇప్పుడు వర్డ్ ఫైలు తెరిచినా, ఫోన్లోకి యాప్ దించినా ఆ రెండక్షరాలు లోపల అలాగే ఉన్నాయని తెలిసి చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది.

బీజిప్2 సోర్సు మళ్లీ జీజిప్ మూటలోనే వచ్చింది. కొత్తదాన్ని విప్పాలంటే పాతది ఉండాలి. ఆ జీజిప్ కథ కూడా మాస్టారే చెప్పారు. యూనిక్స్‌లో మొదట్లో కంప్రెస్ అనే కమాండు ఉండేదట. దాని లోపలి ఎల్‌జెడ్‌డబ్ల్యు పద్ధతి మీద యూనిసిస్ కంపెనీకి పేటెంటు ఉండేది. ఆ పేటెంటు గొడవ లేనిది కావాలని జాన్‌లూ గయీ, మార్క్ ఆడ్లర్ కలిసి 1992లో జీజిప్ రాశారు. అదే పద్ధతిని జెడ్‌లిబ్ అనే లైబ్రరీగా కూడా ఇచ్చారు.

మూట విప్పి, ఫోల్డర్లోకి వెళ్లి, మేక్ అని కొట్టాను. కాన్ఫిగర్ లాంటి తతంగమేమీ లేదు. జీసీసీ వరసలు గబగబా పైకి జరిగాయి. అంతా అయిపోయిందనుకునేలోపు అది తనంతట తానే పరీక్ష మొదలుపెట్టింది. మూట కట్టే పరీక్షలు మూడు, విప్పే పరీక్షలు మూడు. శాంపిల్1, శాంపిల్2, శాంపిల్3 అనే ఫైళ్లని కుదించి, తనతోపాటు తెచ్చుకున్న నమూనాలతో బైటు బైటునీ పోల్చి చూసుకుంది. పోల్చే కమాండు ఏమీ అనకుండా ఊరుకుంటే అంతా బాగున్నట్టే అని తెరమీద రాసి మరీ చెప్పింది.

మాస్టారు కుర్చీలో వెనక్కి వాలారు. "చూశావా, పరీక్ష రాసి పాసయ్యాక గానీ మన మిషన్లో అడుగు పెట్టనంటున్నాడు."

నేను మేక్ ఇన్‌స్టాల్ కొట్టబోతుంటే చెయ్యి అడ్డం పెట్టారు. ముందు మధ్యలో ఎన్ స్విచ్ పెట్టి కొట్టమన్నారు. అలా కొడితే ఏదీ చేయదు, ఏం చేయబోతోందో మాత్రం చూపిస్తుంది. ఒక ఖాళీ ఫైలు సృష్టించి పెట్టుకో, ఇన్‌స్టాల్ అయ్యాక ఆ ఫైలు కంటే కొత్తవి ఏమేం పుట్టాయో ఫైండ్‌తో వెతుకు అని ఇంకో ఉపాయం కూడా నేర్పారు. ఆయన దగ్గర కొట్లలో జమాఖర్చులకి వాడే ఎర్ర గుడ్డ బైండింగు పుస్తకం ఉండేది. ఎడమ పేజీలో నీలం సిరాతో పెట్టినవి, కుడి పేజీలో ఎర్ర సిరాతో తీసినవి. ఆ రోజు ఎడమ పేజీలో ఆయన ముత్యాల్లాంటి అక్షరాలతో ఏడు పేర్లు పడ్డాయి: బీజిప్2, బన్‌జిప్2, బీజెడ్‌క్యాట్, బీజిప్2 రికవర్, మాన్యువల్ పేజీ, ఒక హెడర్ ఫైలు, ఒక లైబ్రరీ.

"దీని మేక్‌ఫైల్లో అన్‌ఇన్‌స్టాల్ లేదు. ఈ ఏడూ మనం రాసుకోకపోతే రేపు ఎవరూ చెప్పరు."

సర్వర్ల పనిలో నేను నేర్చుకున్న మొదటి పాఠం అదే అని ఇప్పటికీ అంటాను. కొత్తగా చేరిన పిల్లలకి ఎక్కించడం అందరూ నేర్పుతారు. తీయడం ఎవరూ నేర్పరు.

ఆ రాత్రి పాత రిపోర్టులన్నీ విడివడ్డాయి. జీజిప్ కట్టిన మూట కంటే ఇది బాగా చిన్నగా ఉందని, కానీ కట్టడానికి మిషన్ ఎక్కువసేపు తంటాలు పడుతోందని గమనించాం. డాక్టర్ల గొంతు ఫైళ్ల మీద ప్రయోగిస్తే ఏమీ లాభం లేకపోయింది. అవి అప్పటికే పిండి పంపినవి. టైపు చేసిన రిపోర్టులు మాత్రం ఇట్టే కుంచించుకుపోయేవి. ప్రతి రిపోర్టులోనూ అవే మాటలు తిరిగి తిరిగి వస్తాయి కాబట్టి. ఒక రోగి గుండెనొప్పి, ఇంకో రోగి గుండెనొప్పి కంప్యూటరుకి ఇంచుమించు ఒకటే.

ఆ బీజిప్‌ని తీసేసిన రోజు ఇంకా బాగా గుర్తుంది. ఏడాది తిరక్కుండానే మిషన్‌ని రెడ్ హ్యాట్ 7 కి మార్చారు. దాంతోపాటు బీజిప్2 ప్యాకేజీగానే వచ్చింది. చేత్తో పెట్టింది ఒకటి, ప్యాకేజీగా వచ్చింది ఒకటి, రెండూ ఒకే మిషన్‌లో. ఏ దారిలో ఉన్నది ముందు పలుకుతుందో దాని మీద ఆధారపడి పని జరుగుతుంది. చేత్తో పెట్టింది తీసేయాలి. మాస్టారు పుస్తకం తెరిచి ఒక్కో పేరూ చదివారు, నేను ఒక్కో ఫైలూ తీశాను, ఆయన కుడి పేజీలో ఎర్ర సిరాతో రాశారు. ఏడూ అయ్యాక కమాండు కొట్టి చూస్తే, ఆ ఫైలు అక్కడ లేదు అంది షెల్. రెండోది ఇంకో చోట ఉంది కదా, దాన్ని పిలవొచ్చు కదా? ఊహూఁ. తీసేసిన చిరునామాకే వెళ్లి తలుపు కొడుతోంది. హ్యాష్, హైఫన్, ఆర్ అని కొట్టమన్నారు మాస్టారు. షెల్ ఒకసారి చూసిన దారిని గుర్తు పెట్టుకుంటుందట, దాన్ని మరిపించే కమాండు అది. కొట్టాక సరైన చోటికి వెళ్లింది.

ఆ సాయంత్రమే ఆయన నాకొక అభ్యాసం ఇచ్చారు. జెడ్‌లిబ్‌ని తీసేయమని ప్యాకేజీ మేనేజరు ఆర్‌పీఎంని అడుగు, కానీ టెస్ట్ అని జోడించు, నిజంగా తీయదు అన్నారు. అడిగాను. ఎక్కించేటప్పుడు నాలుగు చుక్కలు పెట్టి ఊరుకునే ఆర్‌పీఎం, తీయమనేసరికి నోరు విప్పింది. ఇది దానికి కావాలి, దానికి కావాలి, దానికి కావాలి అంటూ తెర నిండిపోయింది. బొమ్మలు చూపించేవి, నెట్‌లో తిరిగేవి, నేను రోజూ వాడుతూ లోపల జెడ్‌లిబ్ ఉందని ఊహించనివి. పీఎన్‌జీ బొమ్మ కూడా లోపల జెడ్‌లిబ్ పద్ధతిలోనే కుదించి ఉంటుందని నాకు తెలిసింది అప్పుడే.

"సీవార్డ్‌కి ఒక మెయిలు రాయి, బాగా పనిచేస్తోందని" అన్నారు మాస్టారు. రీడ్‌మీలో అడ్రసు ఉంది. నేను నవ్వి ఊరుకున్నాను. ఆయనే రాశారు, రెండు వేళ్లతో టైపు చేస్తూ. జవాబు వచ్చిందో లేదో నాకు గుర్తు లేదు. అడిగి ఉండాల్సింది.

2001 సెప్టెంబరులో ఒక రాత్రి ఫైళ్లు రాలేదు. హాల్లో అందరూ పెడళ్ల మీంచి కాళ్లు తీసి, రిసెప్షన్‌లో ఉన్న చిన్న టీవీ చుట్టూ నిలబడ్డారు. కూలిపోతున్న ఆ మేడల్ని చూస్తూ "చెప్పు నాయనా" ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తరవాత ఏడాదికి కాంట్రాక్టులు సన్నగిల్లాయి, ఆఫీసు మూతపడింది, నేను వేరే కంపెనీకి మారాను. ఎర్ర బైండింగు పుస్తకం ఏమైందో తెలియదు. మాస్టారు రాష్ట్రం రెండుగా విడిపోయిన ఏడాది పోయారు.

మధ్యలో ఇంకొకటి చెప్పాలి. నాన్న పోయాక ఆయన ఉత్తరాలన్నీ నేను యూనికోడ్ తెలుగులో టైపు చేసి పెట్టుకున్నాను. ఆ ఫైలుని మాస్టారి అలవాటు ప్రకారం బైట్లలో చూస్తే ఆశ్చర్యం వేసింది. యూటీఎఫ్-8 లో ఒక్కో తెలుగు సంకేతానికీ మూడు బైట్లు పడతాయి. మొదటి బైటు ఎప్పుడూ ఈ0. రెండోది బీ0 లేదా బీ1. అక్షరం మారితే నిజంగా మారేది మూడోదే. తెర నిండా అదే జంట, అదే జంట. బీజిప్‌కి ఇస్తే, అలాంటి ఇంగ్లీషు ఫైలు ఎంత శాతం తగ్గుతుందో అంతకంటే బాగా ఎక్కువే తగ్గింది. తెలుగు ఫైళ్లు మూడింతలు చోటు తింటాయని అప్పట్లో కొందరు దెప్పేవారు. కుదించి చూస్తే ఆ తేడాలో చాలాభాగం కరిగిపోతుందని నాన్న ఉత్తరాల మీద నాకు తెలిసింది. ఆ మూట ఇప్పటికీ ఉంది. ఈ మధ్య బీజిప్2 1.0.8 తో విప్పాను, ఒక్క ఒత్తు కూడా పోలేదు. 1.0.8 వచ్చింది 2019లో. సీవార్డ్ దగ్గర్నుంచి ఆ బాధ్యత వేరేవాళ్లు తీసుకుని నడుపుతున్నారు.

ఇక 2024 మార్చి 29. గుడ్ ఫ్రైడే. రాత్రి భోజనాలయ్యాక మా టీములో కుర్రాడి ఫోను.

"మేడం, పడుకున్నారా? ఎక్స్‌జెడ్ చూశారా?"

చూడలేదు. లాప్‌టాప్ తెరిచాను. ఎక్స్‌జెడ్ అంటే బీజిప్ తరవాతి తరం. ఇంకా చిన్నగా పిండుతుంది. లైనక్స్ కెర్నెల్‌ని కూడా ఇప్పుడు దాంతోనే కట్టి పంచుతున్నారు. దాని 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగదారి పెట్టారని, ఆండ్రెస్ ఫ్రోయిండ్ అనే ఇంజనీరు ఆ రోజే బయటపెట్టాడు. మైక్రోసాఫ్ట్‌లో పనిచేస్తూ పోస్ట్‌గ్రెస్ డేటాబేసుకి కోడ్ రాసే మనిషి. ఎస్ఎస్‌హెచ్ లాగిన్ ఎందుకో నెమ్మదిగా ఉందని అతనికి అనుమానం వచ్చిందట. 0.299 సెకన్లు పట్టాల్సింది 0.807 పడుతోంది. అర సెకను! ఆ అర సెకను వెంటపడి, తవ్వుకుంటూ వెళ్లి, కుదింపు లైబ్రరీ దగ్గర తేలాడు.

మా అసలు సర్వర్లు డెబియన్ స్థిర వెర్షన్ మీద ఉన్నాయి, వాటిలో పాత 5.4.1. వాటికి భయం లేదు. టెస్టింగ్ మిషన్లలో మాత్రం 5.6.1 కూర్చుని ఉంది. కుర్రాడికి కంగారు. "మొత్తం తీసి పారేద్దాం మేడం, ఇప్పుడే."

"ముందు ఎస్ స్విచ్‌తో అడుగు. ఏమేం పోతాయో చూద్దాం."

ఎక్స్‌జెడ్ లైబ్రరీ అయిన లిబ్‌ఎల్‌జెడ్‌ఎంఏ5 ని తీయమని డెబియన్ ప్యాకేజీ మేనేజరు ఆప్ట్‌ని ఉత్తుత్తిగా అడిగాడు. తెర పంచుకున్నాడు, ఇద్దరం చూశాం. పోయేవాటి జాబితాలో డీపీకేజీ కూడా ఉంది. అంటే ప్యాకేజీలని పెట్టేదీ తీసేదీ అయిన పనిముట్టే. కూర్చున్న కొమ్మని నరుక్కున్నట్టే. పాతకాలపు ఆప్ట్‌కి ఇలాంటి పని చెబితే, ఇది ప్రమాదం, అయినా చేయమంటే "యెస్, డూ యాజ్ ఐ సే!" అని అక్షరం పొల్లుపోకుండా టైపు చెయ్యి అని అడిగేది. ఇప్పటి ఆప్ట్ అదీ అడగదు, ఒప్పుకోను పొమ్మంటుంది.

అంతకంటే లోతైన చిక్కు ఇంకొకటుంది. డెబియన్ ప్యాకేజీని విప్పి చూస్తే లోపల మూడు ముక్కలు. వెర్షన్ చెప్పే చిన్న ఫైలు, వివరాల టార్, అసలు సరుకు టార్. ఆ రెండు టార్లూ ఎక్స్‌జెడ్‌తో కుదించినవే. అంటే ఈ పాడు లైబ్రరీ స్థానంలో మంచిది పెట్టాలన్నా, ఆ మంచిదాన్ని విప్పాల్సింది ఈ పాడుదే. ఆ దొంగ కోడ్ ఎస్ఎస్‌హెచ్ సర్వర్లో మాత్రమే మేలుకునేలా రాశారని తరవాత తెలిసింది గానీ, ఆ రాత్రి ఆ ఆలోచనకే వెన్ను జలదరించింది.

డెబియన్ వాళ్లు అప్పటికే మందు పంపారు. దాని వెర్షన్ నంబరు చూసి కుర్రాడు గట్టిగా చదివాడు: 5.6.1+రియల్లీ5.4.5-1. ప్యాకేజీ మేనేజరు తనంతట తాను వెనకటి వెర్షన్‌కి దిగదు, పెద్ద నంబరునే తీసుకుంటుంది. అందుకని పైకి 5.6.1 అని చెప్పి, నిజానికి లోపల ఉన్నది 5.4.5 అని పేరులోనే రాశారు. పెట్టాం. మర్నాడు ఆ టెస్టింగ్ మిషన్లన్నీ తుడిచేసి మొదటి నుంచి ఎక్కించాం. కుర్రాడు తెల్లారగట్ల నాలుగింటికి "మేడం, టీ తాగారా?" అని మెసేజ్ పెట్టాడు. ఇంట్లో వాళ్లెవరూ లేవకముందే పెట్టుకుని తాగాను.

ఆ వారమంతా దాని గురించే చదివాను. ఆ కోడ్‌ని దాచింది ఎక్కడో తెలిశాక కడుపులో దేవినట్టయింది. పరీక్ష ఫైళ్లలో దాచారు. మంచి మూట వస్తే, పాడైన మూట వస్తే ఎక్స్‌జెడ్ ఏం చేస్తుందో చూడటానికంటూ పెట్టిన నమూనాల లోపల. అలాంటి ఫైళ్లు చెత్తలా కనబడటం సహజం, ఎవరూ తెరిచి చూడరు. వాటిని బయటికి తీసి కలిపే స్క్రిప్టు మాత్రం విడుదల చేసిన టార్ మూటలోనే ఉంది, అందరూ చూసే సోర్సు భాండాగారంలో లేదు. పరీక్ష రాసి పాసయ్యాక గానీ అడుగు పెట్టనన్న బీజిప్2 తాలూకు ఆ శాంపిల్1, శాంపిల్2, శాంపిల్3 లని చూసి మాస్టారు ఎంత మురిసిపోయారో నాకు తెలుసు. ఏ చోటు అందరూ నమ్ముతారో సరిగ్గా ఆ చోటే ఎంచుకున్నారు ఆ దొంగలు.

ఎక్స్‌జెడ్‌ని ఏళ్ల తరబడి ఒంటరిగా నడిపింది ఫిన్లాండుకి చెందిన లాసీ కాలిన్. మార్పులు ఎందుకింత ఆలస్యం అని కొందరు వెంటపడి సతాయిస్తే, ఆరోగ్యం బాగోక ఎక్కువ చేయలేకపోతున్నానని, ఇది జీతం లేకుండా ఇష్టంతో చేసే పని అని 2022లో రాశాడు. అంతకు ముందే జియా టాన్ అనే పేరుతో ఎవరో సాయానికి వచ్చినట్టు వచ్చి, ఆ అలసటని ఆసరా చేసుకుని, రెండేళ్లకు పైగా మంచి పనులు చేసి, నమ్మకం సంపాదించి, విడుదలలు చేసే అధికారం దాకా వెళ్లారు. ఆ పేరు వెనక ఎవరున్నారో బయటపడలేదు. నాకు ఎక్కువ బాధ కలిగించింది ఆ సతాయించిన మాటలు. లోకంలోని ఎన్నో సర్వర్లు తన కోడ్ మీద నడుస్తుంటే, ఆ మనిషికి ఒక్కరైనా బాగున్నావా అని రాశారో లేదో.

ఇంకొక సంగతి చదివి చాలాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను. ఫ్రోయిండ్‌కి అర సెకను ఆలస్యం కంటే ముందే ఇంకో సూచన అందింది. అంతకు కొన్ని వారాల ముందు పోస్ట్‌గ్రెస్ పరీక్షలు నడుపుతుంటే వాల్‌గ్రైండ్ అనే పనిముట్టు అంతుపట్టని ఫిర్యాదులు చేసిందట. అవి గుర్తుకొచ్చి, ఈ ఆలస్యంతో కలిపి చూసుకున్నాడు. ప్రోగ్రాము మెమరీలో ఎక్కడ తప్పటడుగు వేసినా పట్టిచ్చే ఆ వాల్‌గ్రైండ్‌ని రాసి 2002లో బయటికి తెచ్చింది జూలియన్ సీవార్డ్. పై విలువ దాచిన ఆ సరదా మనిషే.

మాస్టారు ఉంటే ఎర్ర సిరాతో రాసుకునేవారు.

2024 మే 29న లాసీ కాలిన్ తన చేత్తో శుభ్రం చేసి 5.6.2 విడుదల చేశాడు. ఆ రాత్రి నేను అతనికి రెండు వాక్యాలు రాశాను.

ఇది చదివే మీలో సర్వర్ల మీద పనిచేసేవాళ్లు ఉంటే ఒక్క మాట. డెబియన్, ఉబుంటు మిషన్లలో యూఎస్ఆర్, షేర్, డాక్ అనే దారిలో వెళితే ప్రతి ప్యాకేజీకీ ఒక ఫోల్డరు, అందులో కాపీరైట్ అనే ఫైలు ఉంటాయి. జీజిప్‌ది, బీజిప్2 ది, ఎక్స్‌జెడ్‌ది తెరిచి ఆ పేర్లు చదవండి. మీ కంపెనీ ఓపెన్ సోర్స్‌కి ఏటా ఎంతో కొంత ఇస్తుంటే, అది ఈ చిన్న ప్యాకేజీలు చూసుకునే మనుషుల దాకా చేరుతోందా అని అడగండి. ఇవ్వకపోతే, ఎందుకు ఇవ్వడం లేదని అడగండి.